మద్ది చెట్టు మీది దసలి పట్టు

ఖమ్మం నుంచి భద్రాచలం అడవుల వైపు వెళ్తే మద్ది చెట్లు కనిపిస్తాయి. వాగుల ఒడ్డున తెల్లమద్ది, మెట్టన నల్లమద్ది. దసలి పట్టుపురుగుకు ఈ రెండూ ఇష్టమైన మేత. రేగాకు కూడా తింటుంది కానీ, దాని అసలు ఇల్లు మద్దే.

గోదావరి అడవుల్లో ఉండే రకానికి శాస్త్రవేత్తలు 'ఆంధ్రా లోకల్' అని పేరు పెట్టారు. మన పేరుతో ఒక పట్టు రకం ఉందంటే ఎంత గర్వం!

ఈ పురుగు చివరికి మారే రెక్కల చిలుక అరచేతి కంటే పెద్దది. రెక్కల మీద కళ్ల లాంటి గుండ్రటి మచ్చలుంటాయి. మరి అదేం తింటుంది? ఏమీ తినదు. తినడానికి పనికొచ్చే నోరే లేదు. కొద్దిరోజులే బతుకుతుంది. ఆ కాస్త రోజుల్లో జతకట్టాలి, గుడ్లు పెట్టాలి. తిండంతా పురుగుగా ఉన్నప్పుడే.

మేత ముగిశాక పురుగు కొమ్మకు గట్టి తొడిమతో పట్టుకాయ కట్టుకుంటుంది. ఎండాకాలమంతా ఆ కాయలోనే నిద్ర. వానలు పడ్డాక చిలుకై బయటికొస్తుంది.

గుర్తుంచుకోండి: దసలికి అసలు ఇల్లు మద్ది. కాబట్టి మద్ది చెట్టు నరకకండి. అడవిలో కొమ్మకు కాయ కనబడితే తెంపకుండా వదిలేయండి.