చలివేళ ఆగిపోవు పాత డీజిలు లారీ



మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ప్రాంతములు ఎత్తైన నేలలగుటచే మార్గశిర పుష్య మాసములందు తెల్లవారుజామున అచట చలి మెండు. టమాటా పెట్టెలు మార్కెట్టునకు బయలుదేరవలసిన వేళయు నదియే. రాత్రియంతయు ఆరుబయట నున్న పాత లారీ తాళము త్రిప్పగానే స్టార్టగును, నిలుకడగా తిరుగుచునే యుండును. గేరు వేసి యాక్సిలరేటరు నొక్కినంతనే మూలిగి ఆగిపోవును. అరగంట తిరిగి వేడెక్కిన పిమ్మట ఏ రోగమును లేనట్లు నడచును. అందుచేతనే యజమాని దాని నుపేక్షించును. వేలము ముగిసిన తరువాత చేరిన సరకును అడుగువా రరుదు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. 1897లో రుడాల్ఫు డీజిల్ అను జర్మను ఇంజనీరు నడిపి చూపిన యంత్రమునందువలెనే, గాలిని గట్టిగా అదుముటచే పుట్టిన వేడిమి నూనెను మండించును. చల్లని ఇనుము ఆ వేడిమిలో కొంత మ్రింగివేయును. నిలుకడగా తిరుగుటకు కొద్ది నూనె చాలును. యాక్సిలరేటరు నొక్కినపుడు ఒక్కమారుగా అధికముగా కావలయును. అది అందకున్నను, అందియు మండకున్నను ఇంజను ఆగును. ఈ రెంటిలో నేదియో పొగ చెప్పును. కావున పానా చేతబట్టుటకు ముందు ఒకరు యాక్సిలరేటరు నొక్కుచుండగా మరియొకరు పొగగొట్టమును చూడవలయును.

పొగ లేకయే ఆగినచో నూనె అందుట లేదని తెలియునది. ట్యాంకు మూత రంధ్రము పూడినదని కొందరందురు గాని, ఆ దోషము కొంతదూరము నడచిన మీదట కనబడును, చలివేళ కాదు. పూడిన ఫిల్టరు చలికి చిక్కనైన నూనెను మరింత అడ్డగించును; అట్టి బండి వేడెక్కిన తరువాతను బరువుతో ఎత్తెక్కునపుడు మొరాయించును. ఎత్తున బాగుగా లాగుచు ఉదయమున మాత్రమే ఆగునేని, ట్యాంకునకును ఫీడుపంపునకును నడుమ గాలి చొరబడుచున్నదేమో చూడవలయును. ఇచట పంపు నూనెను పీల్చును గనుక పగులునుండి నూనె కారదు, గాలియే లోనికి పోవును, కంటికి చిక్కదు. రాత్రి నూనె వెనుకకు జారిపోవును. చలికి బిగుసుకొనిన రబ్బరు గొట్టము, అరిగిన రాగి వాషరు దీనికి మూలములు.

పరీక్ష సులభము. ఉదయమున స్టార్టు చేయకమునుపే చేతిపంపును కొట్టవలయును. పెక్కుమారులు వదులుగా ఆడి తరువాత బిగిసినచో గొట్టములో గాలి యుండెను. ఫిల్టరుమీది గాలిమరను వదులు చేసి, బుడగలు పోయి నిండు ధార వచ్చువరకు కొట్టి, బిగించి, అప్పుడు స్టార్టు చేయవలయును. బండి వెంటనే లాగినయెడల దోషము దొరికినట్లే. జానెడు పారదర్శకపు గొట్టమును నడుమ నమర్చిన బుడగలు కంటికే కనబడును. క్రొత్త గొట్టము, వాషర్లు వేయుట కొద్ది ఖర్చు.

తెల్లని పొగ, పచ్చి నూనె వాసన వచ్చినచో నూనె చేరియు మండుట లేదు: ఇంజెక్టరు కారుట, వాల్వుల సందు తప్పుట, పిస్టను రింగుల అరుగుదల, పంపు టైమింగు తప్పుట. ఇవి మేస్త్రీ పనులు. నల్లపొగయైనచో ముందు గాలి ఫిల్టరు దులుపుడు. ఇంజెక్టరు ధార చర్మమును చీల్చి లోపలికి పోగలదు. చేయి అడ్డము పెట్టరాదు.

కొందరు డ్రైవర్లు నిలుకడ వేగమును హెచ్చించి సరిపుచ్చుదురు. అది రోగమును దాచుటయే. గాలి గొట్టమువద్ద గుడ్డ మండించి స్టార్టు చేయువారును గలరు. బండి తగులబడుటకు అంతకంటె దగ్గరి దారి లేదు.

భాకరాపేట, మొగిలి కనుమలలో ఈ యుపేక్ష ప్రాణాంతకము కావచ్చును. పెక్కు పాత బండ్లలో బ్రేకునకు తోడ్పడు వాక్యూము ఇంజను తిరుగుటచేతనే కలుగును. ఇంజను ఆగిన పిదప ఒకటి రెండు నొక్కులకే పెడలు రాయివలె బిగుసుకొనును. కావున బరువెత్తించిన బండిని ఇంటివద్దనే వేడెక్కించి, యాక్సిలరేటరుకు తడబడకుండుట చూచుకొని, పిదపనే కనుమదారి పట్టవలయును.