భయానక కథకుని పుస్తకాలు

దయ్యాల కథ విని దుప్పటి ముసుగు పెట్టుకొనని బాల్యం ఎవరికున్నది? ఆ భయాన్నే సాహిత్యవ్రతంగా చేపట్టిన అమెరికా రచయిత హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్. 1890లో ప్రావిడెన్స్ నగరంలో జన్మించి 1937లో అక్కడనే కన్ను మూసినాడు. ఆయన కథలు చాలావరకు ‘వియర్డ్ టేల్స్’ అనే చవుక పత్రికలో వెలువడినవి. అవి కూడు పెట్టలేదు. ఇతరుల వ్రాతప్రతులు దిద్ది ఆయన పొట్ట పోసుకొన్నాడు. 1931లో ఒక పెద్ద కథను ఆ పత్రికయే త్రిప్పి పంపగా ఆయన మనస్సు విరిగిపోయినది.

జీవితకాలంలో ఆయన కన్నులారా చూచుకొన్న కథాగ్రంథం ఒక్కటే, ‘ది షాడో ఓవర్ ఇన్స్‌మత్’. 1936లో పెన్సిల్వేనియాలో విలియం క్రాఫర్డ్ అనే ఔత్సాహికుడు దానిని అచ్చువేసినాడు. బైండు చేసినవి సుమారు 200 ప్రతులు. అచ్చుతప్పులకు లెక్కలేదు, తప్పొప్పుల పట్టిక జతపరచవలసి వచ్చినది. ఊరివారి వ్రాతలు దిద్దినవానికి ఎంతటి శిక్ష!

మరణానంతరం ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రె అనే యువరచయితలు ఆయన కథలను సంపుటీకరించినారు. పెద్ద ప్రకాశకులు స్వీకరించలేదు. ఇల్లు కట్టుకొనుటకై బ్యాంకులో తెచ్చిన అప్పులో కొంత మళ్ళించి, డెర్లెత్ మిత్రునితో కలిసి 1939లో విస్కాన్సిన్‌లోని సాక్ సిటీ నుండి ‘ఆర్కమ్ హౌస్’ పేర ఆ సంపుటిని తామే ప్రకటించినాడు. ప్రతులు 1,268, వెల 5 డాలర్లు. చెల్లుటకు ఏండ్లు పట్టినది. ఇంత చేసిన డెర్లెత్ లవ్‌క్రాఫ్ట్‌ను ఒక్కనాడైనా చూచి ఎరుగడు. వారి స్నేహమంతయు ఉత్తరాలలోనే నడిచినది.