ఎగురు వానకోయిలలను గుర్తించుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో పుస్తకములను గూర్చి ప్రసంగించుట ఉచితము. కాని నేను పిట్టలను గూర్చి మాటాడ నెంచితిని. అందులకు కారణమును చెప్పుట నాకు సిగ్గుగా నున్నది, ఐనను చెప్పుదును.

ఈ యుత్సవమునకై వేసవిలో మన భవనమునకు సున్నము వేయించితిమి గదా! వసారా కప్పున కంటుకొని కూజావంటి మట్టిగూ డొకటి యుండెను. కొట్టివేయవచ్చునా యని కుర్రవాండ్రు నన్నడిగిరి. “వానకోయిలలు శీతకాలపు చుట్టములు. ఈపాటికి ఉత్తరదేశమునకు పోయి యుండును. అది వట్టి గూడు” అని నిబ్బరముగా బదులు చెప్పితిని. గూడు పగిలినది. అందు మూడు పిల్లలుండెను. తల్లిదండ్రులు చీకటి పడువరకు వసారాలో తిరుగుచునే యుండినవి.

ఒకే యింటిపేరు గల రైతుల భూములను ముప్పదియేండ్లు వేరువేరుగా లెక్క వ్రాసినవాడను, ఒకే పేరుగల పిట్టలను వేరుచేయలేకపోతిని. సాలిం అలీగారి భారతీయ పక్షుల గ్రంథము (ప్రథమ ముద్రణము 1941) మన బీరువాలోనే యున్నది. పిమ్మట తెరచి చూచితిని.

వానకోయిల యను పేరే గాని వీనికి కోయిల కులముతో సంబంధము లేదు. శీతకాలమున వచ్చు పిట్టకు వీపు నిగనిగలాడు నీలము, గొంతు ఇటుకరంగు, దాని క్రింద రొమ్మున నల్లని పట్టె, పొట్ట తెలుపు. మలుపు తిరుగుచు తోక విప్పినపుడు తెల్లని చుక్కల వరుస కనబడును. ఇది హిమాలయములందును, వాని కుత్తర భూములందును పిల్లలను చేయును. మన యూర గూడు కట్టదు. ఈ యొక్క ముక్క తెలిసియుండిన నాడు నా నోట ఆ మాట వచ్చెడిది కాదు.

కూజాగూడు కట్టునది వేరొకటి. దాని నడుము పైభాగము తుప్పురంగు. రొమ్మున పట్టె లేదు, సన్నని గీతలుండును. క్రిందినుండి చూచిన తోక మొదలు సిరాలో ముంచినట్లు నల్లగా నుండును. రెక్కలు చాచి తాపీగా తేలును. మొదటిదానివలె చురుకు తిరుగుళ్లు తక్కువ.

కాలువ తూములకడ తిరుగు మూడవదానికి నెత్తి ఇటుకరంగు, గొంతు మొదలు పొట్టవరకు మచ్చలేని తెలుపు. తోకనుండి రెండు సన్నని తీగలు సాగును గాని, దూరమునకు అవి కానరావు. తోకపొడవునే నమ్ముకొనరాదు, పిల్లపిట్టలకు తీగలు పొట్టి. గొంతును, నడుమును ముందు చూడుడు. వంతెనల క్రింద గుంపులుగా గూళ్లు కట్టు చిన్నజాతికి తోక చీలినట్లే తోచదు.

ఇక తాటిచెట్లచుట్టు కొడవలి రెక్కలతో గిరగిర తిరుగు పిట్టలు ఈ కుటుంబమువే కావు. తీగమీద వరుసగా కూర్చున్నది వానకోయిల. తాటిపిట్ట తీగమీద కూర్చుండలేదు. అది తాటియాకు క్రిందనే ఉమ్మితో గూ డంటించుకొనును.

శ్రావణమాసమున ఒక జంట మరల మట్టి తెచ్చి ఆ చోటనే గూడు కట్టినది. వెనుకటి జంటయే యని నా నమ్మకము. క్రొత్త సున్నముపై మట్టి మరకలు పడినవి. అవి యేమని యెవరైన నడిగినచో, నన్ను చూపుడు.