విగ్రహం పక్కన ఒక గోడ కూడా కావాలి
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల సంగతి నాకు ముందు మాట్లాడిన మిత్రులు క్షుణ్ణంగా చెప్పారు గనుక నేను ఆ జోలికి పోను.

సూర్యాపేట కోర్టు చౌరస్తా మనందరికీ తెలిసిందే. కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు గారి విగ్రహాన్ని 2021 జూన్ 15న అక్కడ ఆవిష్కరించారు. సరిగ్గా అంతకు ఏడాది ముందు గల్వాన్ లోయలో, 16 బీహార్ బెటాలియన్ కమాండింగ్ అధికారిగా ఉంటూ ఆయన ప్రాణాలర్పించారు. సరిహద్దు ఒప్పందాల వల్ల ఆ రాత్రి తుపాకి వాడకుండా రాళ్ళతో, కర్రలతో, ఉత్త చేతులతో జరిగిన పోరాటమది. మనవైపు 20 మంది అమరులయ్యారు. 2021లో ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. సైన్యం వారు ఆ లోయ దారిలో కట్టుకున్న స్మారకం మీద మొత్తం 20 మంది పేర్లూ చెక్కించారు. కల్నల్ పేరుతో పాటు సిపాయి పేరు కూడా అక్కడ ఉంది. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

వీరుణ్ణి రాతిలో నిలుపుకోవడం మనకు కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో పొలిమేరల్లోనో, గుడి వెనుకనో వీరగల్లులు కనబడతాయి. కత్తి పట్టిన మనిషి, పైన అతణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు. శిల్పి మీసం దగ్గర నుండి మొలకట్టు దాకా శ్రద్ధగా చెక్కాడు. కాని చాలా రాళ్ళ మీద పేరు లేదు. ఇప్పుడు ఆ వీరుడు ఎవరింటి బిడ్డో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత 1946-51 సాయుధ పోరాట అమరులకు మన ప్రాంతంలో కట్టిన స్తూపాలు ఆ లోటు కొంత తీర్చాయి. వాటిలో శిల్పం తక్కువే గాని పేర్లున్నాయి.

మరి యుద్ధానికి వెళ్ళి బతికి వచ్చినవారి మాటేమిటి? 1971 యుద్ధం నాటికి పద్దెనిమిదేళ్ళున్న కుర్రవాడు కూడా ఇప్పుడు డెబ్బై దాటాడు. 1962, 65 నాటి వారు ఇంకా పెద్దవారు. లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకులో మన పక్కనే కూర్చునే పెద్దమనిషి ఏ మంచుకొండల్లో పహరా కాశాడో మనం అడిగామా? అడగం. ఆయనా చెప్పడు.

అందుకే నా ప్రతిపాదన. విగ్రహాలకు లక్షలు కావాలి, అనుమతులు కావాలి. బడి గోడకు అంత అక్కరలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు పట్టణాల్లోనూ ఒక్కొక్క పాఠశాల గోడ మీద, హెడ్మాస్టరు గారి అనుమతితో, చుట్టుపక్కల మాజీ సైనికుల బొమ్మలు పిల్లల చేత వేయిద్దాం. మనలో రిటైరైన డ్రాయింగు మాస్టర్లున్నారు, దగ్గరుండి చేయించగలరు. ప్రతి బొమ్మ కింద పేరు, ఊరు, ఏ దళం, ఎప్పటి నుండి ఎప్పటి వరకు అన్నది రాయాలి. వీరుడు, ధీరుడు అని విశేషణాలు పెట్టవద్దు. ఆయన చెప్పిన సంగతి ఒకటి ఆయన మాటల్లోనే రెండు వాక్యాలు చాలు. ఆయన సెలవుకు వచ్చేదాకా ఇల్లు నడిపిన ఇల్లాలి బొమ్మ కూడా పక్కన ఉంటే నాకింకా సంతోషం.

చెప్పడం ఇష్టం లేనివారిని బలవంతపెట్టరాదు. కొందరికి ఆ జ్ఞాపకాలు బాధ పెట్టేవి.

ఇది సైనిక సంక్షేమ శాఖ పని కదా అని ఒక మిత్రుడు అన్నారు. వారి దగ్గర ఆయన సర్వీసు నంబరు ఉంటుంది, పెన్షను కాగితం ఉంటుంది. ఆయన మొదటిసారి రైలెక్కిన రోజు ఊరివాళ్ళు ఏమన్నారో ఉండదు. అది మనమే రాయాలి. జన్మంతా ఫైళ్ళు రాసినవాళ్ళం, ఇది మనకు బరువా?

ఎండకు వానకు గోడ రంగు వెలిసిపోతుంది, తెలుసు. అందుకని బొమ్మకంటే ముందు ఒక రిజిస్టరు తెరుద్దాం. 2016లో జిల్లాలు విడిపోయి సూర్యాపేట, కోదాడ ఒకవైపు, మిర్యాలగూడ నల్లగొండ వైపు ఉన్నా, రిజిస్టరు మాత్రం ఒక్కటే ఉండాలని నా మనవి. ఖాళీ పుస్తకం ఒకటి నేనే కొని తెచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను. భోజనాలకు లేచేటప్పుడు, మీకు తెలిసిన మాజీ సైనికుల పేరు, ఊరు అందులో రాసి వెళ్ళండి.