బీడు చక్రం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పూర్వ విద్యార్థులు తమ వృత్తి గురించి తలా కాసేపు మాట్లాడాలన్నారు కార్యదర్శి గారు. నేను ఒక విరిగిన ఇనుప ముక్క తెచ్చాను. దాని గురించే చెబుతాను.

ఇది పోత ఇనుము. మనం బీడు అంటాం. 1984లో నేను తొమ్మిదో తరగతి. నాన్న ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. అక్కడ లైన్ షాఫ్టు మీద నాలుగడుగుల బీడు పుల్లీ ఒకటి ఉండేది. బండి చక్రానికి ఉన్నట్టే దానికీ నడుమ కుండ, చుట్టూ ఆరు ఆకులు, పైన అంచు. పేరులోనే ఎడ్లున్న ఊరివాళ్ళకు ఇంతకంటే వివరించక్కర్లేదు. క్యారేజీ పట్టుకెళ్ళిన ఒక మధ్యాహ్నం మిల్లు ఆగి ఉంది. నాన్న సుత్తితో ఆకులను ఒక్కొక్కటే మెల్లగా కొడుతున్నాడు. అయిదు ఖంగున మోగాయి. ఆరోది సంతలో పగిలిన కుండను కొట్టి చూసినట్టు దబ్‌మంది. ఆకు మొదట్లో వెంట్రుకంత నెర్రె, దాని వెంట తుప్పు రంగు చార.

నాన్న ఓనరు గారితో చెప్పాడు, "ఈ చక్రం మార్చాలండీ" అని. "సీజన్ అవనియ్యవయ్యా, మారుద్దాం" అన్నారాయన. పత్తి బండ్లు గేటు బయట బారులు తీరి ఉన్నాయి. ఆయన్ను పూర్తిగా తప్పు పట్టలేను. అయితే ఆ వారంలోనే పని తెమలడం లేదని మోటారు పుల్లీ పది అంగుళాలది తీసి పన్నెండు అంగుళాలది వేయించారు. అది మాత్రం తప్పే.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. 1847 మే నెలలో ఇంగ్లండులో చెస్టర్ దగ్గర డీ నది మీద రైలు వంతెన కూలి అయిదుగురు చనిపోయారు. బీడు దూలాల వంతెన. దాన్ని గీసింది రాబర్ట్ స్టీఫెన్‌సన్ అంతటివాడు. తర్వాత వేసిన రాయల్ కమిషన్ కోసం జేమ్స్, గాల్టన్ అనే ఇద్దరు సైనిక ఇంజినీర్లు బీడు కడ్డీలను పదే పదే వంచి చూశారు. ఒక్కసారిగా విరగడానికి ఎంత వంచాలో అందులో సగం వంచితే 900 సార్ల లోపే విరిగాయి. మూడో వంతే వంచితే 10,000 సార్లకు కూడా బలం తగ్గలేదు. లోహానికి అలసట ఉందనీ, ఆ అలసటకు ఒక హద్దు ఉందనీ ఆ పరీక్షల్లో కనబడింది. ఇప్పుడు మేము వాడే లెక్క కూడా దానికి దూరంగా ఏమీ లేదు. మామూలు బూడిదరంగు బీడుకు ఆ హద్దు దాని లాగుడు బలంలో సుమారు 40 శాతం.

బీడు లోపల గ్రాఫైటు రేకులు ఉంటాయి. ఎండాకాలం మన నల్లరేగడి చేనుని సూక్ష్మదర్శినిలో చూసినట్టు, లోహమంతా పుట్టుకతోనే నెర్రెలు. అందుకే పైన చిన్న గీత పడితే ఉక్కు భయపడినంత బీడు భయపడదు. నొక్కితే లాగినదానికంటే మూడు నాలుగు రెట్లు ఓర్చుకుంటుంది. లాగితేనే కష్టం. పైగా ఉక్కులాగా సాగి, వంగి, ముందుగా హెచ్చరించదు.

నాన్న చక్రం నిమిషానికి 300 చుట్లు తిరిగేది. చుట్టుచుట్టుకీ బెల్టు లాగుడుకు ప్రతి ఆకూ ఒకసారి వంగి లేస్తుంది. రోజుకు 16 గంటలంటే 2,88,000 సార్లు. 35 రోజుల్లో కోటి దాటుతుంది. మేము అలసట హద్దును పరీక్షించేది కూడా సాధారణంగా కోటి సార్లే. మరి ఒక్క సీజన్లో ఆ పరీక్ష దాటిన చక్రం ఏళ్ళ తర్వాత ఎందుకు పగిలింది? నా ఉద్యోగంలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. హద్దు అనేది కొత్త లోహానికి, పొడిగా ఉన్నదానికి, అదే బరువు మోసేదానికి. తుప్పు తగిలితే ఆ హద్దు దిగిపోతుంది. తాళం వదులైతే ప్రతి చుట్టూ ఒక దెబ్బ. ఇక పగులు పుట్టాక లెక్కే వేరు. 1960లలో పాల్ పారిస్ అనే అమెరికా ఇంజినీరు చెప్పిన సూత్రం ప్రకారం ఉక్కులో ఊగే బరువు 20 శాతం పెరిగితే పగులు నడిచే వేగం సుమారు 70 శాతం పెరుగుతుంది. బీడులో అంతకంటే ఎక్కువ. వేగం పెంచితే అంచు బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. పదికి పన్నెండు వేస్తే 44 శాతం. నెర్రె లేని చక్రమైతే ఆ వేగాన్ని తట్టుకునేదే.

పదకొండో రోజున పగిలింది. నాన్న అటు పక్కన ఉన్నాడు. ఇటు పక్కనున్న మనిషి కుడి చెయ్యి పోయింది. ఆయన కొడుకు నా క్లాస్‌మేటు, ఇప్పుడు వెనక వరసలో ఉన్నాడు. ఈ సంగతి చెప్పనా అని నిన్న రాత్రి అడిగితే, "చెప్పు, పేరు వద్దు" అన్నాడు.

నాన్నను ఎవరూ ఏమీ అనలేదు. చెప్పానుగా అని ఆయనా అనలేదు. రెండేళ్ళ తర్వాత ఒకసారి మాత్రం, "బెల్టు నేనే ఎక్కించానురా" అన్నాడు.

ఇంజినీరునయ్యాక నాకూ ఆ రోజు వచ్చింది. ఒక ప్రెస్సు చట్రంలో పగులు కనబడింది. ఆర్డరు పూర్తయ్యాక చూద్దామని ఫైలు మీద సంతకం పెట్టింది నేనే. నాలుగు నెలలు నడిచింది, విరగలేదు. ఆ నాలుగు నెలలూ నాకు నిద్ర సరిగా లేదు. విరగలేదు కాబట్టి నా లెక్క సరైందని మాత్రం నేను ఎప్పుడూ అనుకోలేదు.

పేట రోడ్డులో మిల్లులు నడిపే మిత్రులు, వాటిలో పనిచేసే తమ్ముళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. పాత సామాను కొట్లో బీడు పుల్లీ కొనేముందు తాడుకు వేలాడదీసి సుత్తితో తట్టండి. అనుమానం ఉంటే కిరసనాయిలు పూసి, గుడ్డతో తుడిచి, సున్నం రాయండి. నెర్రె ఉంటే నూనె మరక బయటికొస్తుంది. తిరిగే బీడు చక్రానికి వెల్డింగ్ వేయించకండి. వెల్డు పక్కన లోహం గాజులా పెళుసుగా తయారవుతుంది. తర్వాత అక్కడే విరుగుతుంది.

ఇదిగో, ఆ ఆరో ఆకు ముక్క. నాన్న పోయాక ఆయన పనిముట్ల పెట్టెలో దొరికింది. విరిగిన ముఖం చూడండి. ఈ సగం పైగా తుప్పూ నూనే పట్టి నల్లగా ఉంది. అది రోజూ కొంచెం కొంచెంగా పగిలిన భాగం. ఈ చివర బూడిదరంగు గరుకు భాగం ఒక్క క్షణంలో పోయింది. దీన్ని బడి ప్రయోగశాలకు ఇస్తున్నాను. హెడ్మాస్టారు గారూ, ఒక్క మనవి. అటెండరు చేత దీన్ని తోమించకండి, రంగు వేయించకండి.