సిగరెట్టు పెట్టెలో బొమ్మలు
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సిగరెట్లు మానమని చెబుతానేమోనని ముందు వరుసలో ఒకరిద్దరు కంగారు పడుతున్నట్టున్నారు. నేను మాట్లాడేది పెట్టెలోని అట్టముక్క గురించే.

ఫోటో దిగడం ఒకప్పుడు కలిగినవాళ్ల ముచ్చట. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఫోటోగ్రాఫరు ఒకే గాజుపలక మీద ఎక్కువ బొమ్మలు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వాటిని ముద్రించి, కత్తిరించి, విజిటింగు కార్డంత అట్టలకు అంటించేవారు. ధర దిగింది. మధ్యతరగతి వాళ్లూ ఫోటోలు దిగి బంధువులకు పంచుకున్నారు.

తరువాత అమెరికాలో సిగరెట్టు కంపెనీలు, పెట్టె నలగకుండా లోపల పెట్టే అట్టముక్క మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాయి. నటీమణులు, ఆటగాళ్లు, ఓడలు, పక్షులు! సెట్టు పూర్తి కావాలని పిల్లలు పెద్దవాళ్ల వెంట పడేవారు. ఇంగ్లండులో ఆగ్డెన్స్ వారు గినీ గోల్డ్ సిగరెట్లలో అసలు ఫోటోలే పెట్టారు. 1940లో యుద్ధకాలపు కాగితం కరువుతో అక్కడ ఈ కార్డులు ఆగిపోయాయి.

అమెరికాలోని సిరక్యూస్‌లో జెఫర్సన్ బర్డిక్ అనే ఫ్యాక్టరీ కార్మికుడు ఉండేవాడు. ఒంటరి మనిషి, పైగా కీళ్లవాతం. ఇలాంటి కార్డులు 3 లక్షలకు పైగా పోగుచేసి, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. వంకర్లు పోయిన వేళ్లతో ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని ఆల్బముల్లో అంటించాడు. 1963 జనవరిలో పని ముగించాడు, మార్చిలో కన్నుమూశాడు. ఆయన పెట్టిన నంబర్లే ఇప్పటికీ వాడుక. ఆయన టి-206 అన్న సెట్టులోని వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు 2022లో 70 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది.

నన్ను ఆలోచింపజేసింది ఆ డబ్బు కాదు. సిగరెట్టు కార్డు మీద సాధారణంగా బొమ్మ ఎవరిదో అచ్చయి ఉంటుంది. ఆనాటి ఇంటి ఫోటోల వెనక స్టూడియో పేరు, చిరునామా నగిషీలతో ఉంటాయి. దిగిన మనిషి పేరు మాత్రం చాలావాటికి ఉండదు. పారేసే అట్టముక్క మీది ఆటగాడు ఎవరో లోకానికి తెలుసు. దాచుకున్న ఫోటోలో అమ్మమ్మ ఎవరో మనవడికి తెలియదు.

మా ఇంట్లోనూ అలాంటి గ్రూపు ఫోటో ఒకటుంది. అందులో ఐదుగురు. దాన్ని మొన్న తొంభై దాటిన మా పిన్ని దగ్గరకు తీసుకెళ్లాను. భూతద్దం పెట్టుకుని నలుగురి పేర్లు చెప్పింది. వెనక పెన్సిలుతో మెల్లగా రాసుకున్నాను. కుర్చీ వెనక నిలబడ్డ కుర్రాడి దగ్గర ఆగి, "వీడు మనవాడేరా, పేరు నోట్లో ఆడుతోంది, మళ్లీ వచ్చినప్పుడు చెబుతాలే" అంది.

సభ కాగానే ఆ ఊరి బస్సెక్కుతున్నాను. సెలవు.