జలపాతం ఫొటో కింద ఏం రాద్దాం?
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





సంఘం పెద్దలు మమ్మల్ని జలపాతాల గురించి మాట్లాడమన్నారు. ఎందుకంటే వానాకాలం మొదలైతే చాలు, మన పిల్లల ఫోన్ స్టేటస్‌ల నిండా జలపాతాలే. ఆదివారం పొద్దున రెండు బండ్ల మీద నలుగురు బయల్దేరతారు. సాయంత్రానికి ఇల్లు చేరతారు. రాత్రికి ముప్పై ఫొటోలు, రెండు రీల్స్ బయటికొస్తాయి. మేమూ సద్ది కట్టుకుని అలా తిరిగేవాళ్లమే. కాబట్టి వెళ్లొద్దని చెప్పడానికి రాలేదు. మీరు తెచ్చే ఫొటో మన జాతికి ఎట్లా పనికొస్తుందో చెప్పడానికి వచ్చాం.

ముందు మన దగ్గర ఏమున్నాయో చూద్దాం. నేరడిగొండ మండలంలో కడెం నది మీద కుంటాల ఉంది. సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. అక్కడ సోమేశ్వరుడు ఉన్నాడు, శివరాత్రికి జనం కదిలి వస్తారు. అదే నది మీద, అదే మండలంలో, పొలాల గట్ల మీదుగా నడిచి పోతే గాయత్రి. బోథ్ మండలంలో పొచ్చెర. ఎత్తు తక్కువే కానీ వెడల్పుగా, ఒక్క ఊపున పడుతుంది. బజార్‌హత్నూర్ మండలం గిర్నూరు దగ్గర కనకాయి. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం పిట్టగూడ దగ్గర మిట్టె జలపాతం. ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు చోట్ల దూకుతుంది కాబట్టి సప్తగుండాల అంటున్నారు. తిర్యాణి మండలంలో చింతలమాదర. ఇవన్నీ పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగినవే.

ఇప్పుడొక మాట ఆలోచించండి. ఈ జలపాతాల ఫొటోలు ఇంటర్నెట్‌లో వేలల్లో ఉన్నాయి. వాటి కింద ఏం రాసి ఉంటుంది? 'సూపర్ లొకేషన్', 'హిడెన్ స్పాట్', 'హైదరాబాద్ నుంచి ఇన్ని గంటలు'. దాగి ఉందట! ఎవరికి దాగి ఉంది? ఆ నీళ్లు తాగి, ఆ ఒడ్డున పశువులు మేపుకుని, ఆ గుండం దగ్గర దేవుడికి మొక్కుకుని తరతరాలుగా బతుకుతున్న గూడెం అక్కడే ఉంది. ఫొటోలో నీళ్లున్నాయి, బండలున్నాయి, ఎవరో చేతులు చాపి నిలబడ్డారు. గూడెం మాత్రం లేదు. గూడెం పేరు కూడా లేదు.

ఇది చిన్న విషయం కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, నిజాం సర్కారు మన గూడేల సంగతి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో మన మధ్య ఉండి పని చేశారు. మనం వాళ్లను ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటాం. వాళ్ల సమాధులు కూడా మార్లవాయిలోనే ఉన్నాయి. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. అంటే మన తాతల కాలపు ముఖాలు, జాతరలు, ఇళ్లు చూడాలంటే మనం లండన్ దిక్కు చూడాలి. అప్పుడు కెమెరా మన చేతిలో లేదు, రాత మన చేతిలో లేదు. ఇవాళ ప్రతి ఇంట్లో కెమెరా ఉంది. మీరందరూ చదువుకున్నారు. ఇప్పుడు కూడా మన నీళ్ల కింద బయటివాళ్లే పేరు రాస్తే ఆ తప్పు ఎవరిది?

గోండిలో నీళ్లను 'ఏర్' అంటాం. మనకు నీళ్లంటే చూసి పోయే వస్తువు కాదు. మెస్రం వంశంవాళ్లను చూడండి. ప్రతి ఏడూ ఝరి పట్టుకుని కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా పోతారు. గోదావరి నీళ్లు తెచ్చి పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో నాగోబాకు అభిషేకం చేస్తారు. బండ్లు, బస్సులు ఉన్న ఈ రోజుల్లో కూడా నడిచే పోతారు. నీళ్ల దగ్గరికి ఎట్లా పోవాలో మనకు ఎవరో నేర్పనక్కర్లేదు. మన పద్ధతిని మనం మర్చిపోకుంటే చాలు.

ఇక పని సంగతికి వద్దాం.

జలపాతం దగ్గరికి పోయే ముందు ఊళ్లో ఆగండి. పటేల్‌ను కలవండి. రాంరాం చెప్పండి. ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ ఇంటిపేరో చెప్పండి. వాగులో నీళ్లెట్లా ఉన్నాయి, ఏ దారి మంచిది, ఎక్కడిదాకా పోవచ్చు, ఎక్కడ చెప్పులు విడవాలి, ఎక్కడ ఫొటో తీయొద్దు అని అడగండి. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు మీ ప్రాణాన్ని కాపాడొచ్చు, ఊరి మర్యాదనూ నిలబెడుతుంది.

ప్రాణం అంటే గుర్తొచ్చింది. కుంటాల కింది గుండం ఎందరు పిల్లల్ని మింగిందో మీకు తెలుసు. వాళ్లందరూ ఈత రానివాళ్లు కాదు. పై నుంచి పడే నీళ్లు ఏళ్ల తరబడి కింది బండను తొలిచేస్తాయి. పైకి మోకాలి లోతు అనిపించే చోటి పక్కనే ఒక్కసారిగా లోతు ఉంటుంది. పడిన నీళ్లు అడుగుకు పోయి, తిరిగి ధార దిక్కే సుడి తిరుగుతాయి. అందులో పడ్డ మనిషిని కూడా మళ్లీ మళ్లీ ధార కిందికే లాగుతాయి. పైగా ఆ తెల్లటి నురగలో సగం గాలే. అది మనిషిని మామూలు నీళ్లలా తేల్చదు. అందుకే వాగులో గజ ఈతగాడైనా అక్కడ ఓడిపోతాడు.

వరద ఇంకా మోసకారి. మన తల మీద ఎండ కాస్తుంటుంది, పైన కొండల్లో వాన పడుతుంటుంది. నీళ్ల రంగు మారి మట్టిగా కనిపించినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఫోన్ జేబులో పెట్టి వెంటనే గట్టెక్కాలి. ఇంకో ఫొటో అని ఆగొద్దు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా పొర్లిన వరద గుర్తుంది కదా? అవి మన కొండల నుంచి దిగిన నీళ్లే. 2023 జూలైలో ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార చూడటానికి పోయిన పదుల మంది, తిరిగొచ్చే దారిలో వాగు పొంగి రాత్రిపూట అడవిలో చిక్కుకుపోయారు. సహాయ బృందాలు పోయి తేవాల్సి వచ్చింది. జలపాతం దగ్గర జాగ్రత్తగా ఉంటే సరిపోదు. తిరిగొచ్చే దారిలో దాటాల్సిన వాగు ఎన్ని ఉన్నాయో పోయేటప్పుడే లెక్కపెట్టుకోండి.

ఫొటో తీయడంలో మాకు తెలిసినవి నాలుగు మాటలు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే నీళ్లు తెల్లటి మచ్చలా వస్తాయి, బండలు నల్లగా పోతాయి. పొద్దున గానీ మబ్బు పట్టినప్పుడు గానీ తీయండి. ఎండ మీ వీపు వెనక ఉంటే తుంపరలో ఇంద్రధనుస్సు దొరుకుతుంది. నీళ్లు పాలధారలా రావాలంటే ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టి, ఐఎస్‌ఓ తగ్గించి, షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను దాకా పెట్టండి. ఫోన్ కదలకుండా రాయికి ఆనించండి. చుక్క చుక్క విడిగా కనిపించాలంటే సెకనులో వెయ్యో వంతు పెట్టండి. లెన్స్ మీద తుంపర పడుతుంది, మెత్తటి పొడి గుడ్డ ఒకటి దగ్గర ఉంచుకోండి. ఎత్తు తెలియాలంటే ఫ్రేములో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ధార అంచున కాదు, గట్టున నిలబడాలి. నాచు పట్టిన బండ మీద బూటు కూడా నిలవదు.

మనుషుల్ని తీసేటప్పుడు అడిగి తీయండి. నీళ్లు మోసుకొచ్చే అవ్వను, స్నానం చేసే పిల్లల్ని, దీక్షలో ఉన్న గుస్సాడీని చూడగానే ఫోన్ ఎత్తే అలవాటు బయటివాళ్లది. మనకు వద్దు. తీసిన ఫొటో వాళ్లకు చూపించండి. వీలైతే ప్రింట్ తీయించి మళ్లీ పోయినప్పుడు ఇవ్వండి. మా అనుభవంలో, ఒక్క ప్రింట్ ఇంటి గోడ మీదికి ఎక్కితే ఆ ఊళ్లో మనకు తలుపులన్నీ తెరుచుకుంటాయి.

అసలు మాట ఇప్పుడు చెబుతున్నాం. ఫొటో తీశాక దాని కింద ఈ ఐదూ రాయండి. జలపాతాన్ని ఆ ఊరివాళ్లు ఏ పేరుతో పిలుస్తారు? అది ఏ వాగు మీద ఉంది? ఏ ఊరు, ఏ మండలం? తీసిన తేదీ ఏది? పేరు, కథ చెప్పిన పెద్దమనిషి ఎవరు, వాళ్ల పేరు రాయడానికి ఒప్పుకున్నారా?

ఒక ఊళ్లో ఒక కొలాం అవ్వ మా పక్కన కూర్చుని వాగు వెంబడి చూపుడు వేలు జరుపుతూ పోయింది. ఆ బండకో పేరు, ఆ మలుపుకో పేరు, ఆ చెట్టు కింది మడుగుకో పేరు. పటంలో ఒక్కటీ లేదు. గూగుల్‌లో ఒక్కటీ లేదు. ఆమె మనవడికి రెండు తెలుసు. ఆ పేర్లు మేము రాసుకున్నాం కానీ ఈ వేదిక మీద చెప్పడం లేదు. వాటిలో కొన్ని దేవుళ్లవి. బయట పెట్టాలా వద్దా అన్నది ఆ ఊరి ఇష్టం. రాసి పెట్టడం వేరు, లోకానికి చాటడం వేరు. మొదటిది తప్పకుండా చేయండి. రెండోదానికి ఊరి మాట తీసుకోండి. లొకేషన్ పెట్టే ముందు కూడా అంతే. మీరు పెట్టిన ఒక్క లొకేషన్ వెంట వచ్చే ఆదివారం యాభై కార్లు రావచ్చు. సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు ఏరుకునేది మీరు కాదు, ఆ గూడెం.

రాసి పెట్టడం వల్ల లాభమేంటని అడగొచ్చు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. సామూహిక హక్కులు అడిగేటప్పుడు ఏయే సాక్ష్యాలు చూపొచ్చో దాని నియమాల్లో ఉంది. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాల వంటి పాత ఆనవాళ్లు అందులో ఉన్నాయి. పెద్దమనుషులు చెప్పింది రాతలో పెడితే అదీ సాక్ష్యమే. అంటే గుండం దగ్గరి దేవుడి స్థలం, దాని తేదీ ఉన్న ఫొటో, అవ్వ చెప్పిన మాట, ఈ మూడూ కలిస్తే గ్రామసభ చేతిలో కాగితం అవుతుంది. మీ స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో పోతుంది. ఈ కాగితం పోదు.

ఇంకో పని కూడా మీ చేతిలో ఉంది. మీకు దగ్గరున్న ఒక్క జలపాతాన్ని ఎంచుకోండి. ఒకే చోట నిలబడి ఏడాదికి నాలుగు సార్లు తీయండి. తొలి వానలకు ఒకటి, దండారీ రోజుల్లో ఒకటి, శివరాత్రికి ఒకటి, ఎండాకాలంలో ఒకటి. ఐదేళ్లు ఇట్లా తీస్తే ధార ఏ నెలలో సన్నబడుతోందో, పైన అడవి ఎంత మిగిలిందో, గుండంలో ఇసుక ఎంత పేరుకుందో కళ్ల ముందు కనిపిస్తుంది. అధికారుల ముందు మన పెద్దలు 'నీళ్లు తగ్గినయి సార్' అంటే వినేవాళ్లు తక్కువ. ఇరవై ఫొటోలు బల్ల మీద పరిస్తే వినక తప్పదు.

అందుకే సంఘం తరఫున ఒక మాట పెడుతున్నాం. వచ్చే సంచిక నాటికి ప్రతి మండలం నుంచి ఒక జలపాతం, నాలుగు కాలాల ఫొటోలు, కింద ఆ ఐదు వివరాలు రావాలి. కెమెరా గొప్పది కానక్కర్లేదు, మీ జేబులో ఉన్న ఫోన్ చాలు. గోండులు, కొలాంలు, పరధాన్లు, తోటీలు, నాయక్‌పోడ్‌లు, అందరి పిల్లలూ కలిసి చేయండి. ఏ భాషలో పేరు చెబితే ఆ భాషలోనే, విన్నది విన్నట్టు రాయండి. మీ ఇళ్లలో డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు ఉంటే ఈ వానాకాలమే వాళ్లను అడగండి. జలపాతం వచ్చే ఏడు కూడా దూకుతుంది. అవ్వ ఉంటుందో లేదో చెప్పలేం.



జై జంగో! జై లింగో!